తాళానికి నోరెందుకు?

నిన్న షాపులో ఉన్నట్టుండి నెట్ పోయింది. రౌటరు లైట్లు ఆరిపోవడం ఓరకంట కనిపించింది. తల ఎత్తకుండానే, చేతిలో స్విచ్చుబోర్డు అలాగే పట్టుకుని, "రాండమ్మా, కూచోండి" అన్నాను. జవాబు రాలేదు. చూస్తే కౌంటరు కింద ఎలుక వైరు కొరికిపెట్టింది. ఆమె పోయి ఏడాది దాటింది. అయినా ఆత్మకూరు బస్టాండు దగ్గర నా ఎలక్ట్రికల్ షాపులో నెట్ ఆగిందంటే, ఆమే వచ్చిందని నా నోరు ముందే పలుకుతుంది. ఆమె షాపులోకి వచ్చే పద్ధతి అలాంటిది మరి.

మామూలు మనుషులు మెట్టు దగ్గర ఆగి ఏం కావాలో చెబుతారు. ఈమె ఉదయగిరి బస్సు దిగి, రోడ్డు దాటి, ఎవరినీ పలకరించకుండా సరాసరి కౌంటరు లోపలికి వచ్చేది. నా కుర్చీ పక్కనుంచి వంగి రౌటరు ప్లగ్గు పీకి చేత్తో పట్టుకునేది. "ఇప్పుడు వెలిగించు" అనేది. బల్బు కానీ, ఫోనుతో తిరిగే ఫ్యాను కానీ, నేను అమ్మజూపేది ఏదైనా సరే, నెట్ లేకుండా అక్కడికక్కడ పనిచేసి చూపించాలి. చేస్తే సంచిలో వేసుకునేది. చేయకపోతే ప్లగ్గు నా అరచేతిలో పెట్టి, "ఇది మనింటి కరెంటు తిని మనింటి వాసాలు లెక్కబెట్టే రకం అబ్బయా. నాకొద్దు" అనేది.

నాకు ఒళ్ళు మండేది. మండదా? అవతల కెమెరాలు బేరం చేస్తున్న మనిషి స్క్రీన్ నల్లబడిందని గోల పెట్టేవాడు. ఇవతల ఈమె ప్లగ్గు వేళ్ళాడేసి పట్టుకుని నింపాదిగా నిలబడేది. ఒకసారి ఉండబట్టలేక, "అమ్మా, ఇది షాపు. మీ ఇల్లు కాదు" అన్నాను.

"నా ఇంటి కోసమే గదా పీకేది. ఇక్కడ కొన్నది రేపు నా ఇంట్లో కూచుంటాది" అంది.

ఆ తర్వాత నేను మళ్ళీ ఆ మాట అనలేదు. అన్నా వినే రకం కాదు.

పొట్టి మనిషి. మోకాళ్ళ నొప్పులతో పక్కలకు ఊగుతూ నడిచేది. కళ్ళద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే. మాట్లాడుతుంటే తల కాస్త తిప్పి కుడి చెవి మనవైపు పెట్టేది. ఎందుకమ్మా అలా అంటే, "ఎడమ చెవి లైనుకు, కుడి చెవి మనిషికి. ఉద్యోగం అయిపోయినా చెవి అలవాటు పోలేదు" అని నవ్వేది. వయసులో ఉన్నప్పుడు ఆమె టెలిఫోన్ ఆపరేటరు. ఎవరికైనా ఫోన్ చేయాలంటే ముందు ఆపరేటరుకు నంబరు చెప్పాలి, ఆమె బోర్డు మీద తీగ గుచ్చి లైను కలపాలి, ఆ రోజులవి. అందుకే ఉదయగిరిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. 'నంబర్ ప్లీజమ్మ' అనేవాళ్ళు. ఎదురుగానే అనేవాళ్ళు. ఆమె పలికేది.

"లైన్లో జనం మాటలు వినేవాళ్ళా మీరు?" అని అడిగానొకసారి.

"వినకూడదు. అది రూలు" అంది. ఎడమ చెవి తడుముకుని, "చెవికి రూలు తెలీదు గదా" అంది. మళ్ళీ తనే, "మాట ఎవుడి బోర్డు మీద పోతే వాడు వింటాడబ్బయా. ఆ బోర్డు ముందర కూచున్నదాన్ని నేను. ఈ సంగతి నాకెవురూ చెప్పే పన్లేదు" అంది.

'ఎవుడి బోర్డు' అన్నది ఆమె ఊతపదం. ఏ వస్తువు చూపించినా మొదటి ప్రశ్న అదే. ఇది నొక్కితే మాట ఎవుడి బోర్డు మీద పోతాది? మనం ఫోనులో నొక్కితే ఆ మాట ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటరు దాకా పోయి, అక్కడినుంచి తిరిగొచ్చి మన వరండా బల్బు వెలిగిస్తుందని చెప్పాననుకోండి. "వరండాలో బల్బు వెలిగేదానికి ఊర్లు తిరిగి రావాల్నా? బుద్ధుండాదా నీకు?" అని నా మీద పడేది. ఆ బల్బు నేనే తయారు చేసినట్టు!

ఈ పట్టుదల ఆమెకు ఊరికే రాలేదు. దాని వెనక ఒక తలుపు కథ ఉంది.

ఉదయగిరిలో కొండకు ఎదురు వీధిలో వాళ్ళది పెద్ద ఇల్లు. భర్త తరఫువాళ్ళు భూములున్నవాళ్ళు, ఊరి తగాదాలన్నీ వాళ్ళ అరుగు మీదే తీరేవి. ఈమెకు పిల్లలు లేరు. భర్త చాలాకాలం మంచాన పడి పోయాక ఆ ఇంట్లో ఒక్కతే మిగిలింది. కలిగిరిలో ఉండే బావగారి కొడుకు ఒకరోజు వచ్చి, "పిన్నమ్మా, ఒంటరిగా ఉండావు, కాలం మంచిది కాదు" అని వీధి తలుపుకు కొత్త తాళం బిగించాడు. ఫోనులో నొక్కినా, తాళం మీద అంకెలు నొక్కినా తెరుచుకునే రకం. పక్కన గోడకు కెమెరా ఉన్న కాలింగ్ బెల్లు కూడా పెట్టాడు. ఆ బెల్లులోంచి, ఎక్కడున్నా సరే, గడప ముందున్న మనిషితో మాట్లాడొచ్చు. అవన్నీ నెల్లూరులో కొన్నాడు, నా దగ్గర కాదు. ఆమె సంతోషించింది. మోకాళ్ళు పట్టేసిన మనిషికి మంచం మీద నుంచి నొక్కితే గడియ తీసుకోవడమంటే మాటలా!

ఆ తలుపు పాత టేకు తలుపు. చట్రంలో బిగుసుకుని కూర్చునేది. గడియ తీసి ఉన్నా బయటివాళ్ళు భుజం ఆనించి గట్టిగా ఒక తోపు తోస్తేగానీ కదిలేది కాదు. వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించుకోండమ్మా అంటే, "తోసేవాళ్ళకు వస్తాది లే" అనేది.

దాన్ని రోజూ తోసే మనిషి ఒకామె ఉంది. చెరువుకట్ట కింది కాలనీలో ఉంటుంది. చెరువులో చేపలు పట్టి అమ్ముకుంటుంది, చేపలు లేని రోజుల్లో కూలికి పోతుంది. భర్త మంచాన ఉన్నప్పుడు ఆయన్ని లేపి కూర్చోబెట్టడానికి అంతమంది చుట్టాల్లో ఒక్క చెయ్యి రాలేదు. ఈ చేపలామె వచ్చింది. ఆయన పోయాక కూడా రావడం మానలేదు. మధ్యాహ్నం ఇద్దరూ కుర్చీల్లో కూర్చుని కలిసి అన్నం తినేవాళ్ళు. చేపలామె ఈమెను "అక్కా" అనేది. ఆ కుర్చీ, ఆ పిలుపు పెద్దింటివాళ్ళకు గొంతులో చేపముల్లులాగా అడ్డం పడ్డాయి.

నా షాపుకు ఆమె మొదటిసారి వచ్చింది ఆ తాళం కథ చెప్పడానికే. స్టూలు మీద కూలబడింది. మంచినీళ్ళు ఇస్తే వద్దంది.

"మా చేపలామె గంప దించి తలుపు మీద చెయ్యేసింది. టక్కున తాళం పడింది. నేను వంటింట్లో ఉండా. నేను నొక్కలేదు. మరి నొక్కిందెవురు? కలిగిరిలో కూచున్నోడు నొక్కినాడు. అంతటితో ఊరుకున్నాడా? ఆ బెల్లులోనుంచి మాట్లాడినాడు. 'ముందు తలుపున రావాకు, పెరటి దోవన పో' అన్నాడు. నా గడప మీద, నా ఇంటి నోటితో!"

"ఆమె ఏమంది?"

"ఏమంటాది? గంప నెత్తికెత్తుకుని పెరటి దోవన వచ్చింది. ఒక్క మాటన్లేదు. అదే నా కడుపు మంట. అలవాటైన దోవలాగా వచ్చింది." కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్న వెంటనే గొంతు మారింది. "తాళంచెవి అంటాం గదా అబ్బయా. తాళానికి చెవుంటే చాలు. నోరెందుకు? దీని నోరు మూయించాల. ఎట్టనో చెప్పు."

నేను నాకు తెలిసింది చెప్పాను. తాళం ఖాతా ఆయన ఫోను నంబరు మీద ఉంది. మార్చాలంటే ఓటీపీ ఆయనకే పోతుంది. ఆయన ఒప్పుకోవాలి.

"నా తలుపు తీసేదానికి వాడి సెలవు కావాల్నా?"

"పోనీ దాన్ని పీకి అవతల పారేసి పాత ఇత్తడి తాళం వేసుకోండమ్మా. గొడవ వదిలిపోతుంది."

"ఎందుకు పీకాల?" అని ఎగిరిపడింది. "మోకాళ్ళు నావి. మంచం మీద నుంచి తలుపు తీసుకునే సుఖం నాది. సుఖం వదలను. వాడి పెత్తనం వదిలిస్తా."

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. మెట్టు మీద నుంచే "దొరికిందబ్బయా!" అంది. ఫోనులో వీడియోలు చూసి చూసి పట్టుకుంది. ఇంట్లో లైట్లను, ఫ్యాన్లను, తాళాలను ఇంట్లోనే ఉన్న ఒక చిన్న కంప్యూటరుతో నడిపించే ప్రోగ్రాము. కంపెనీలతో పనిలేదు, నెట్ లేకపోయినా నడుస్తుంది. ఓపెన్ సోర్స్ అంటారు. అంటే ఆ ప్రోగ్రాము ఎలా రాశారో మొత్తం తెరిచి అందరి ముందూ పెడతారు. ఎవరైనా తీసుకోవచ్చు, చదవొచ్చు, మార్చుకోవచ్చు. నేనూ దాని గురించి విన్నాను. కష్టమమ్మా అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ముక్కూ మొహం తెలీనివాళ్ళు రాసిందాన్ని నమ్మి ఇంటి తాళం అప్పగిస్తారా?" అన్నాను.

ఆమె నుదుటి మీది కళ్ళద్దాలు తీసి కౌంటరు మీద పెట్టింది. కోపం వస్తే అలా చేసేది.

"ముక్కూ మొగం తెలీనోళ్ళు ఏం రాసినారో తెరిచిపెట్టి, చూసుకో తల్లీ అన్నారు. నేను చంకనెత్తుకుని తిప్పిన బిడ్డ ఏం చేసినాడో దాచిపెట్టినాడు. ఎవుర్ని నమ్మమంటావు? చెప్పు."

పాత చిన్న కంప్యూటరు ఒకటి దుమ్ము తుడిచి ఇచ్చాను. తాళంతో దగ్గరినుంచే మాట్లాడే వేలెడంత రేడియో ముక్క ఒకటి తెప్పించి ఇచ్చాను. ఇక చూసుకోండి నా పాట్లు.

అదేమీ నల్లేరు మీద నడక కాలేదు ఆమెకు. బెల్లు కొడితే స్నానాల గదిలో లైటు వెలిగేది. ఫ్యాను ఆపితే వరండా బల్బు ఆరేది. ప్రతిదానికీ నాకు ఫోను. నాకు తెలీదు మొర్రో అంటే, "తెలీకుంటే నేర్చుకో. నేను నేర్చుకోటంలా?" అనేది. ఆ ప్రోగ్రాము వాడేవాళ్ళు ఇంటర్నెట్లో ఒకచోట చేరి ఒకరి చిక్కులు ఒకరు విప్పుకుంటారు. ఈమె అక్కడ ఆపరేటరు ఇంగ్లీషులో "డియర్ సర్, కైండ్లీ అడ్వైజ్" అని మొదలుపెట్టి "థాంకింగ్ యూ" అని ముగించేది. ఏ దేశంవాడో ఓపిగ్గా జవాబు రాసేవాడు. "పాపం, వాడు టీ అన్నా తాగినాడో లేదో, నాకోసం కూచుని రాస్తా ఉండాడు" అని ఈమె బెంగ.

ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఆ తాళం లోపలి వైపు, బ్యాటరీల కింద, చిన్న చిల్లు ఉంటుంది. అందులో సన్నగా ఏదైనా గుచ్చి నొక్కిపట్టుకుంటే తాళం పాత యజమానిని మరిచిపోతుంది. గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి గుచ్చిందట.

"మరిచిపోయిందబ్బయా" అంది. లైనులో ఆమె ఊపిరి వినిపించింది. ఆ తర్వాత బెల్లు మూత విప్పి, లోపల మాట వినిపించే స్పీకరు వైర్లు కత్తెరతో కత్తిరించి పారేసింది. ఆ చిన్న కంప్యూటరును ఊరగాయ జాడీల అలమరలో పెట్టి దానికి 'ఎక్స్ఛేంజి' అని పేరు పెట్టుకుంది. ఇన్నేళ్ళకు మళ్ళీ ఆమెకు బోర్డు దొరికింది, ఈసారి సొంతది.

అంతటితో సరిపెట్టుకుందా? లేదు. "ఈ తాళానికి రెండు మాటలే వచ్చు. 'వేసినా' అంటాది, 'తీసినా' అంటాది. మనిండ్లలో మూడుండాయి గదా" అంది. నాకు అర్థం కాలేదు. "చేరేసేది యాడబ్బయా?" అంది.

నిజమే కదా! తెరిచి ఉన్న తలుపు వేరు. గడేసిన తలుపు వేరు. ఈ రెంటికీ మధ్య చేరేసిన తలుపు ఒకటి ఉంది. దగ్గరకు లాగి ఉంటుంది, గడియ పడి ఉండదు. ఇంట్లో మనిషి ఉంది, రావచ్చు, కాకపోతే పిలిచి రా అని దాని అర్థం. మన వీధుల్లో పగలంతా తలుపులు అలాగే ఉంటాయి. ఆ తాళం చేసినవాడికి ఈ మాట తెలీదు. కాసేపు ఊరికే ఉంటే దానంతట అదే గడేసుకునేది. ఈమె ఆ గుణం మాన్పించి, ప్రోగ్రాములో కొత్త బటను ఒకటి తయారు చేసి, దాని మీద తెలుగులోనే 'చేరేసినా' అని రాసుకుంది. ఆ దేశంకాని దేశంవాడు ఇదేమిటని అడిగితే, "తలుపు రమ్మంటుంది, అయితే ముందు పేరు పెట్టి పిలవమంటుంది" అని ఇంగ్లీషులో రాసిందట. వాడికి అది బాగా నచ్చిందట. వీధిలోకి తెలియడానికి రంగులు మారే బల్బు ఒకటి కావాలంది. గడేస్తే ఎరుపు, చేరేస్తే పసుపు. అది బిగించడానికి షాపు మూసి నేనే ఉదయగిరి పోయాను.

బిగించడం అయ్యాక ఆ ఇద్దరితో పాటు నాకూ కంచం పెట్టారు. చేపల పులుసు. చేపలామె చేసిందే. నేను ముద్ద కలుపుతున్నాను, బయట కారు ఆగింది. ఆ చప్పుడు వినగానే ఆమె ఎడమ చేత్తో ఫోను నొక్కింది. టక్కున గడియ పడింది. బావగారి కొడుకు వచ్చాడు. తన ఫోనులో ఈ తాళం కనిపించకుండా పోయిందని ఆరా తీయడానికి.

బయట ఫోను నొక్కాడు, అంకెలు నొక్కాడు. తాళం కుయ్‌మంది తప్ప తెరుచుకోలేదు. చివరికి అరచేత్తో తలుపు బాదాడు. "పిన్నమ్మా! తలుపు తియ్యి!"

ఆమె కంచం ముందు నుంచి కదలకుండా, నేనెప్పుడూ వినని ఒక తేనె గొంతుతో, "నంబర్ ప్లీజ్" అంది.

చేపలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆటలా? నేను పిన్నమ్మా!"

"నువ్వని తెలుసు నాయనా. ఇన్నాళ్ళూ నా ఇంట్లోకి ఫోనుతో వచ్చినావు. ఇప్పుడు నోటితో రా. 'రావచ్చా' అని అడుగు."

వీధిలో జనం చూస్తున్నారు కాబోలు. చివరికి "రావచ్చా" అని పళ్ళ మధ్య నుంచి వచ్చింది. చేపలామె లేవబోయింది, "నేను పెరట్లోకి పోతా అక్కా, సామి వచ్చినాడు" అంటూ.

"కూచో" అంది ఆమె. "నీకు సామేంది? నాకు బిడ్డ వరసైతే నీకూ బిడ్డ వరసే." ఫోను నొక్కి గడియ తీసి, తలుపు లాగడానికి నన్ను పంపింది.

అతను లోపలికి వచ్చి ఆ కుర్చీని, అందులో కూర్చున్న మనిషిని చూశాడు. "నీ క్షేమం కోసం పెట్టినా పిన్నమ్మా ఆ తాళం."

"నా క్షేమమైతే నేను చూసుకోవాల. నువ్వు చూస్తే దాన్ని కాపలా అంటారు."

"ఊర్లో పరువనేది ఉండొద్దా? ఎవురెవురో ముందు తలుపున..."

"ఎవురెవురో కాదు, నా చెల్లెలు. మీ చిన్నాయనను ఒంటికీ రెంటికీ ఎత్తింది ఈ చేతులే. ఆ పొద్దు మీ పరువు యాడికి పోయింది, సంతకా?"

అతని ముఖం మాడిపోయింది. అయినా తగ్గలేదు, అలమరలో జాడీల మధ్య లైటు వెలుగుతున్న కంప్యూటరును చూపించాడు. "సరే. రేపు నీకేమన్నా అయితే ఈ తలుపు ఎవురు తీస్తారు? ఆ జాడీల్లో పెట్టిన డబ్బా తీస్తాదా? నేను గదా వచ్చి తియ్యాల!"

"నువ్వు తియ్యలేవు నాయనా" అంది ఆమె, చాలా మామూలుగా. చేపలామె వైపు గడ్డం ఎత్తి చూపించింది. "అది తీస్తాది."

అతను మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఆమె నా కంచం చూసి, "పులుసు చల్లారిపోతాది, తిను" అంది. ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు పెళ్ళిపత్రికలు పంపడం కూడా మానేశారు. అడిగితే, "మంచిదేలే, నా మోకాళ్ళు మిగిలినాయి" అంది. బాధ లేదని కాదు. ఉంది. ఆ బాధతోనే బస్సెక్కి వచ్చి నా ప్లగ్గు పీకేది.

పోయిన ఏడాది వానల్లో ఒక ఉదయం అతని దగ్గర్నుంచి నాకు ఫోను. "పిన్నమ్మ పోయింది. నిన్న గుండెనొప్పి అని నెల్లూరు తీసకపోయినారంట. శవాన్ని ఇంటికి తెచ్చినాం. తలుపు రావడంలా. నువ్వే గదా ఆ డబ్బాలన్నీ ఇచ్చింది, వచ్చి తియ్యి. లేకుంటే కట్టరుతో కోయిస్తా."

బండి తీశాను. దారిలో ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. బతికినన్నాళ్ళూ ఆ తలుపు కోసం పోట్లాడిన మనిషిని, చచ్చాక దాని బయటే పడుకోబెట్టారు కదా అని. కట్టరు ఆ చెక్కను తాకకముందే చేరాలని తడిరోడ్డు మీద ఎలా నడిపానో నాకే తెలీదు.

నేను చేరేసరికి వరండాలో బల్ల మీద ఆమె ఉంది. ముఖం ఒక్కటే కనిపిస్తోంది. నుదుటి మీద కళ్ళద్దాలు లేవు. దీపం కుందె, చీర, చాప, అన్నీ లోపలే. చుట్టాలు గుంపుగా నిలబడ్డారు. అతను తలుపును వేళ్ళతో నెట్టి, కదలకపోయేసరికి తాళం మీద అంకెలు నొక్కుతున్నాడు. ఏ అంకె నొక్కినా అది కుయ్‌మంటోంది. పక్కన ఒక మనిషి కట్టరు యంత్రం పట్టుకుని ప్లగ్గు ఎక్కడుందని వెతుకుతున్నాడు.

తల ఎత్తి చూశాను. మబ్బు పట్టిన ఆ ఉదయంలో బల్బు పచ్చగా, పసుపు ముద్దలాగా వెలుగుతోంది.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

"ఏంది పైకి చూస్తా ఉండావు? తియ్యి!" అన్నాడతను.

"నేను తీసేది కాదిది" అన్నాను. "తీసే మనిషి ఎవరో మీ పిన్నమ్మ మీతోనే చెప్పింది. నా ఎదురుగానే చెప్పింది. పిలవండి."

చేపలామె వీధికి అవతల, కరెంటు స్తంభం పక్కన తడుస్తూ నిలబడి ఉంది. అతను అటు చూసి, ముఖం తిప్పుకున్నాడు. కట్టరు మనిషి యంత్రం కింద పెట్టాడు. గుంపులో ముసలాయన ఒకాయన, "పిలవరా. మనిషి గడప బయట ఉండాది" అని గసిరాడు.

అతను రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. చేపలామె కదల్లేదు. మళ్ళీ ఊపాడు. స్తంభం దగ్గరే నిలబడి సూటిగా చూసింది.

"రా" అన్నాడు. ఆమె నిలబడే ఉంది. అతను ఈసారి, "రామ్మా" అన్నాడు.

అప్పుడు వచ్చింది. వీధి దాటి, ముందు మెట్లెక్కి, దారి ఇచ్చినవాళ్ళ మధ్య నుంచి వచ్చింది. బల్ల దగ్గర ఆగి అక్క కాళ్ళ మీద దుప్పటి సర్దింది. తలుపు ముందు నిలబడి, రోజూ పిలిచేటట్టే, "అక్కా, నేను" అంది. భుజం ఆనించి తోసింది.

టేకు తలుపు కిర్రుమని తెరుచుకుంది.

అతను చేతిలో ఫోనుతో అలాగే నిలబడిపోయాడు. "కోడ్ నీకు చెప్పిందా? ఏంది కోడ్?"

చేపలామె గడప దాటి, దీపం కుందె కోసం లోపలికి పోతూ వెనక్కి తిరిగింది.

"ఆటో ఎక్కతా అక్కే నొక్కిపోయింది, కోళ్ళకు మేతెయ్యమని. చెప్పేదానికి వస్తే నన్ను అవతలికి పొమ్మంటిరి" అంది. "కోడేంది అబ్బయా? చేరేసే ఉండాది."